పడమటి మెట్టల్లో ఆరు రోజులు



ఆస్ట్రేలియా దేశపు పటాన్ని ఎప్పుడైనా చూశారా? పెద్ద పట్నాలు దాదాపు అన్నీ సముద్రపు ఒడ్డునే ఉంటాయి. లోపలి భాగమంతా ఎర్రమట్టి, ముళ్లపొదలు, ఎంతో దూరానికొక ఇల్లు. ఆ ప్రాంతాన్ని అక్కడివారు ఔట్‌బ్యాక్ అంటారు. ఉద్యోగం ముగించిన భార్యాభర్తలు అనేకులు పడక, పొయ్యి, నీళ్లతొట్టి అమర్చిన కారవాన్ అనే బండిని కారుకు తగిలించుకొని నెలల తరబడి ఆ దారుల్లో తిరుగుతారు. నెరిసిన తలల సంచారులు అని వారికి ముద్దుపేరు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినప్పుడు ఆ బొమ్మలు ఫోనులో చూపించాడు. వాళ్లమ్మ చాలాసేపు చూసి, "మనకూ ఒక వ్యాను ఉంది గదా" అన్నది. అందరమూ నవ్వాము. ఆమె మాత్రం నవ్వలేదు.

ఈ ప్రయాణ విశేషాలు ఇద్దరి తరఫున రాస్తున్నాము గనుక, బండి నడిపినవాడిని పాస్టరు అనీ, పక్కన కూర్చున్న ఆమెను సంఘస్థులు పిలిచినట్టే అమ్మగారు అనీ చెబుతాము. చదువరులు తికమక పడకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు.

తిరుపతికి తూర్పున ఒక పల్లెలో మా కాపురం. పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఇన్నేళ్లలో మేము కలిసి చేసిన ప్రయాణాలన్నీ మీటింగులకో, పెళ్లిళ్లకో, ఆస్పత్రికో. గత సంవత్సరం అమ్మగారికి ఆపరేషను జరిగింది. బరువులు ఎత్తవద్దనీ, మనస్సుకు కొంత విశ్రాంతి కావాలనీ డాక్టరు చెప్పారు. అదే సమయంలో పట్నంలోని ఒక సంఘానికి రావడానికి సమ్మతమేనా అని పైవారి నుండి ఉత్తరం వచ్చింది. ఫిబ్రవరి నెలాఖరులోగా జవాబు రాయాలి. పాస్టరు మనస్సులో జవాబు అప్పటికే తయారుగా ఉంది. పట్నమైతే ఇల్లు బాగుంటుంది, ఆస్పత్రి దగ్గర, అబ్బాయి రావడానికి సులువు. ఆ ఉత్తరాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకునే ప్రయాణానికి బయలుదేరాడు.

బండి సిద్ధమైన విధం

వ్యాను సంఘానిది. రోగులను ఆస్పత్రికి చేర్చేదీ, సమాధి కార్యక్రమాలకు జనాన్ని తీసుకుపోయేదీ అదే. పెద్దలను అడిగితే, "డీజిలు మీరు పోసుకోండి, శనివారం రాత్రికల్లా తిరిగి తెచ్చేయండి" అన్నారు. వెనుక సీట్లు రెండు విప్పి, వాటి చోట చెక్కబల్ల వేసి పరుపు పరిచాము. చిన్న గ్యాసు పొయ్యి, మూడు నీళ్ల క్యాన్లు, రాగిపిండి, బియ్యం, చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, దోమతెర, టార్చిలైటు, మందుల డబ్బా సర్దుకున్నాము. అమ్మగారు ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకున్నారు.

సోమవారం తెల్లవారుజామున బయలుదేరేటప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. అమ్మగారు నేరుగా వెళ్లి వెనుక తలుపు తీశారు. ఆ బండిలో ముందు సీటు ఎప్పుడూ సంఘ పెద్దలది. ఆమె వెనుక, స్త్రీలతో, పిల్లలతో, వంటపాత్రలతో కూర్చునేది. "ముందుకు రా" అంటే, "నేనా?" అని అడిగి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి ఎక్కారు. నాలుగు మైళ్లు పోయాక, "ఇక్కడినుండి రోడ్డు ఇంత బాగా కనబడుతుందని నాకు తెలియదండీ" అన్నారు.

ఘాటు ఎక్కితే మరో దేశం

తిరుపతికి వచ్చే యాత్రికులు లక్షలమంది. కొండకు వెళ్లి, తిరిగి రైలెక్కి పోతారు. తిరుపతికి పడమటగా నలభై, యాభై మైళ్ల లోపల ఎలాంటి నేల ఉన్నదో చూసినవారు తక్కువ. మేము ఈ జిల్లాలోనే పుట్టి పెరిగినా సరిగా చూడలేదు. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలను కలిపి 1911లో ఏర్పరచిన పాత చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్‌లో ముక్కలైంది. తిరుపతి వేరే జిల్లా అయింది, మదనపల్లె ప్రాంతం చిత్తూరు నుండి విడిపోయింది. అయినా పల్లెల్లో పెద్దవారికి ఇప్పటికీ ఇదంతా ఒకటే జిల్లా.

చంద్రగిరి కోటలో రాజమహలును కాసేపు చూశాము. విజయనగర రాజులకు పెనుగొండ తరువాత రాజధాని అయిన ఊరు ఇది. అక్కడినుండి భాకరాపేట ఘాటు ఎక్కాము. మలుపులు ఇరుకు. లారీలకు దారి ఇస్తూ మెల్లగా పోయాము. తలకోన అడవిలో జలపాతం సన్నని ధారగా పడుతున్నది. మన రాష్ట్రంలో ఎత్తయిన జలపాతాల్లో ఇది ఒకటి, సుమారు 270 అడుగులు. వానాకాలంలో దాని హోరు దూరానికి వినబడుతుంది. ఫిబ్రవరిలో పక్కన నిలబడి మాట్లాడుకోవచ్చు.

ఆ రాత్రి పీలేరు దాటి ఒక మామిడితోట దగ్గర, తోట యజమాని అనుమతితో బండి ఆపుకున్నాము. పూతవాసన గుప్పుమంటున్నది. అమ్మగారు బరువులు ఎత్తకూడదు గనుక సంగటి కెలికే పని పాస్టరుకు పడింది. పిండి ఉండలు కట్టింది. "ఇరవై రెండేళ్లుగా నేను కెలుకుతుంటే సులువనుకున్నారా?" అని అమ్మగారు నవ్వారు. ఊరిబిండి బాగా కుదిరింది గనుక ఉండలు కూడా లోపలికి పోయాయి.

ఈ పడమటి భాగం ఎందుకింత ఎండి ఉంటుందో ఒక మాట చెప్పాలి. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 500 అడుగుల ఎత్తున ఉంటే, మదనపల్లె 2,200 అడుగులకు పైన ఉంది. మైసూరు పీఠభూమి అంచు ఇది. అక్టోబరు, నవంబరు నెలల్లో సముద్రంమీదినుండి వచ్చే వానలు తూర్పున ఎక్కువ కురుస్తాయి. కొండలు దాటి పడమటికి వచ్చేసరికి మబ్బులో నీళ్లు తగ్గిపోతాయి. బాహుదా, పించా, పాపాఘ్ని అని నదుల పేర్లు పెద్దవి. వానలు పడినప్పుడే వాటిలో నీళ్లు. మిగతా కాలమంతా ఇసుక. పూర్వం చెరువులు ఆదుకునేవి. ఇప్పుడు వెయ్యి అడుగుల బోరు వేసినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. ఆస్ట్రేలియా మెట్టకూ మన మెట్టకూ ఒక తేడా మాకు తోచింది. అక్కడ మనుషులు తక్కువ. ఇక్కడ మనుషులున్నారు, నీళ్లు తక్కువ.

ఆరోగ్యవరం చెట్లకింద

మంగళవారం గుర్రంకొండ కోటను దూరంనుండి చూసి, వాయల్పాడు మీదుగా మదనపల్లె చేరాము. రవీంద్రనాథ ఠాగూరు 1919లో ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నప్పుడు జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఈ ఊళ్లోనే. మేము మాత్రం ముందుగా ఆరోగ్యవరం వెళ్లాము. చిన్నప్పుడు మా రెండిళ్లలోనూ విన్న పేరు అది. క్షయ వస్తే ఆరోగ్యవరం పోవాలి అనేవారు.

అప్పట్లో క్షయకు మందు లేదు. ఎత్తయిన చోట ఎండు గాలి, విశ్రాంతి, మంచి ఆహారం, ఇవే వైద్యం. ఊళ్లు పండించుకోలేని ఈ ఎండు గాలే రోగులకు మేలు చేస్తుందని, అనేక మిషనులవారు కలిసి 1912లో ఒక శానటోరియం మొదలుపెట్టి, 1915 నాటికి ఇప్పటి స్థలంలో నిలిపారు. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దాని మొదటి పెద్ద. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదలైనప్పుడు తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. మన పిల్లల భుజాలమీది ఆ చిన్న మచ్చ కథ ఇక్కడినుండి కూడా నడిచింది. మందులు వచ్చాక క్షయరోగులు నెలల తరబడి మంచంమీద ఉండవలసిన అవసరం తగ్గింది. ఇప్పుడది అన్ని రోగాలకూ వైద్యం చేసే ఆస్పత్రి. చెట్లకింద అరుగుమీద అమ్మగారు చాలాసేపు కూర్చున్నారు. ఆపరేషను తరువాత తన ఆరోగ్యం గురించి ఆమె ఎన్నడూ ఏమీ చెప్పలేదు. ఆ రోజు కూడా చెప్పలేదు. పాస్టరు అడగలేదు కూడా.

మదనపల్లెలో మాకు గుర్తుకు వచ్చిన మరొకడు అమెరికా ఆర్కాటు మిషనుకు చెందిన జేకబ్ చాంబర్లేన్ దొర. 1863లో ఈ ఊరికి కాపురం వచ్చాడు. అదే సంవత్సరం కొద్దిమంది తెలుగు సహవాసులతో, సామాను బండితో, గుడారంతో నైజాం రాజ్యంలోకి, గోదావరి సీమదాకా సుమారు 1,200 మైళ్లు తిరిగాడు. వైద్యం తెలిసినవాడు గనుక పోయినచోటల్లా రోగులను చూశాడు. తెలుగు బైబిలు సవరణలో ఎన్నో ఏళ్లు పనిచేసి, 1908లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. మా ఆరు రోజుల ప్రయాణమంతా కలిపి ఆరు వందల కిలోమీటర్ల చిల్లర. అంటే ఆయన తిరిగిన దూరంలో మూడో వంతు, అదీ తారురోడ్డుమీద. కారవాన్ అంటే కొత్త సంగతి అనుకున్నాము గానీ, మన మెట్టల్లో ఎడ్లబండి ఏనాడో ఆ పని చేసింది.

హార్సిలీ కొండమీద చలి

బుధవారం హార్సిలీ కొండ ఎక్కాము. దీని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని స్థానికుల కథ. కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర ఎండాకాలం బసకు 1870 ప్రాంతంలో ఇక్కడ బంగళా కట్టించుకున్నాడు. అప్పటినుండి ఆయన పేరే నిలిచింది. ఎత్తు సుమారు 4,100 అడుగులు. నీలగిరి చెట్ల వాసన, సన్నని చలి. కిందికి చూస్తే ఎర్రని నేల, నల్లని గుట్టలు, ఎక్కడో ఒకచోట పచ్చని మచ్చలాగా బోరుకింది మడి.

రాత్రి బండిలో దుప్పట్లు కప్పుకొని కూర్చున్నప్పుడు పాస్టరు తాను చదివిన సంగతి ఒకటి చెప్పాడు. ఆస్ట్రేలియాలో జాన్ ఫ్లిన్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టరు 1912లో ఆ లోపలి ప్రాంతం కోసం ఒక మిషను మొదలుపెట్టాడు. ఆయన పంపిన పాస్టర్లు ఒంటెలమీద ఇంటింటికీ తిరిగేవారు. జబ్బు చేస్తే డాక్టరు వందల మైళ్ల దూరంలో ఉండేవాడు. అందుకని 1928లో క్లన్‌కరీ అనే ఊరినుండి డాక్టరును విమానంలో పంపే సేవ ప్రారంభించారు. కబురు అందాలి గదా, కరెంటు లేదు. ట్రెగర్ అనే ఇంజనీరు కాళ్లతో తొక్కితే పనిచేసే రేడియో తయారుచేశాడు. 1929నుండి ఆ రేడియోలు ఒంటరి ఇళ్లకు చేరాయి. అవి రోగుల కోసమే పెట్టినా, నెలల తరబడి మరో స్త్రీ ముఖం చూడని ఇల్లాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి కూడా ఉపయోగపడ్డాయి.

అమ్మగారు అంతా విని, "విమానం సంగతి అటుంచండి. ఆ ఆడవాళ్లకు రేడియో వచ్చిన రోజు ఎలా ఉండి ఉంటుందో" అన్నారు. ఆ తరువాత దుప్పటి ముఖంమీదికి లాగుకున్నారు.

తంబళ్లపల్లె దారిలో

గురువారం కొండ దిగి తంబళ్లపల్లె వైపు పోయాము. ఇక్కడినుండి నేల మరీ గరుకు. గుండ్రాళ్ల గుట్టలు, సీతాఫలపు పొదలు, అక్కడక్కడ చింతచెట్లు. చింతపండు కాలం గనుక చెట్టుకింద ఆడవారు కాయలు ఏరుతున్నారు. ఒక చిన్న దారిలోకి తిరిగి మూడు మైళ్లు పోయామో లేదో, బండి ముందునుండి ఆవిరి లేచింది. రేడియేటరు నీళ్ల పైపు చీలిపోయింది. బయలుదేరే ముందు పైపులు చూడకపోవడం పూర్తిగా పాస్టరు తప్పు. క్యాన్లలో నీళ్లు అప్పటికి అడుగంటాయి. ఫోనుకు సిగ్నలు లేదు. పొద్దు గుట్టల వెనక్కి దిగుతున్నది.

అరగంట తరువాత మేకలు తోలుకుంటూ ఒక అవ్వ వచ్చింది. "ఏం నాయినా, బండి నిలిచిపోయిందా? యాడికి పోతా ఉండారు?"

"ఎక్కడికీ కాదవ్వా, ఊరికే చూసిపోదామని వచ్చాము."

"ఈ గుట్టల్లో సూసేదానికి ఏముండాది?" అని ఆశ్చర్యపోయి, మేకలతో ఉన్న మనవడిని కేకేసింది. ఆ పిల్లవాడు ఊళ్లోకి పరుగెత్తిపోయి సైకిలు ట్యూబు ముక్క తెచ్చాడు. అవ్వ కోడలు రెండు బిందెల నీళ్లు నెత్తిన పెట్టుకొని వచ్చింది. ఆ ఊళ్లో కుళాయి రోజు విడిచి రోజు వస్తుందనీ, ఆ రోజు రాని రోజనీ మాకు తరువాత తెలిసింది. మేము ముందు తాగబోతే అవ్వ ఒప్పుకోలేదు. "ముందు బండికి పొయ్యండి. అది నోరులేంది" అన్నది. ఎద్దులకు ముందు నీళ్లు పెట్టి తరువాత తాము తాగిన తరం అది.

ట్యూబు ముక్క చుట్టి, తీగ బిగించి కట్టాము. బండి కదిలేటట్టు ఉంది గానీ చీకటిలో ఆ దారిలో పోవడం మంచిది కాదు. అప్పుడు అవ్వ అమ్మగారి వైపు తిరిగి అడిగింది: "నువ్వు సెప్పమ్మణ్ణీ. ఈడ బండిలోనే పండుకుంటావా, మా ఇంటికాడికి వస్తావా?"

అమ్మగారు వెంటనే జవాబు చెప్పలేదు. అలవాటుగా పాస్టరు ముఖం చూశారు. పాస్టరు కూడా అలవాటుగా, "ఇక్కడే..." అని నోరు తెరిచాడు. అవ్వ అతన్ని చూడనే లేదు. అమ్మగారి ముఖంలోకే చూస్తూ నిలబడింది. మేకలు అటూ ఇటూ చెదురుతున్నా తొందరపడలేదు. ఎంతసేపు పట్టిందో చెప్పలేము. చివరికి అమ్మగారు, "మీ ఇంటికి వస్తానవ్వా" అన్నారు.

వాకిట్లో మాట్లాడుకున్న మాటలు

వాళ్లు సంగటి, ఉలవచారు పెట్టారు. అవ్వ, కోడలు, అమ్మగారు వాకిట్లో చింతపండు కొట్టుకుంటూ గంటలు గంటలు మాట్లాడుకున్నారు. పాస్టరు పిల్లవాడికి లెక్కలు చెప్పాడు. అందరూ పడుకున్నాక మేమిద్దరం బండి దగ్గర కూర్చున్నాము. జేబులోని ఉత్తరం అప్పుడు బయటికి వచ్చింది.

"దీనికి జవాబు ఏమి రాయమంటావు?" అని పాస్టరు అడిగాడు.

"మీరు ఇదివరకే రాసేశారు గదా, మనస్సులో" అన్నారు అమ్మగారు. కోపంగా కాదు, మెల్లగానే అన్నారు.

"నీ ఆరోగ్యం కోసమే గదా?"

"పట్నం వద్దని నేను అనలేదండీ. కావాలో వద్దో నన్నెవరూ అడగలేదు. ఆ ముసలామె ఎక్కడ పండుకుంటావని అడిగితే నాకు జవాబు తోచలేదు చూశారా? అడిగేవాళ్లు లేక ఆ అలవాటే పోయింది."

ఆ తరువాత ఆమె చెప్పిన సంగతులు ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో ఉన్నవాడికి కూడా కొత్తవి. మళ్లీ ఆ జబ్బు వస్తుందేమోనని రాత్రులు నిద్ర పట్టడం లేదట. ఆస్పత్రి దగ్గర ఉండాలని ఆమెకూ ఉంది. కానీ సాయంత్రాలు మా ఇంటి అరుగుమీద చదువుకునే ఇద్దరు ఆడపిల్లలు పదో తరగతికి వస్తున్నారు. వారిలో ఒకరికి ఇంట్లో అప్పుడే పెళ్లి మాటలు నడుస్తున్నాయి. పరీక్ష రాసేవరకు ఆగమని ఆ తల్లిదండ్రుల చేత అమ్మగారే ఒప్పించి ఉన్నారు. తాను వెళ్లిపోతే ఆ మాట నిలబడదని ఆమె భయం. ఈ సంగతి పాస్టరుకు తెలియదు. ఊరందరి కష్టాలూ అడిగి తెలుసుకునేవాడికి తన ఇంటి అరుగుమీద ఏమి జరుగుతున్నదో తెలియలేదు.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా మావంటి ఇళ్లు ఇంకా ఉండవచ్చునని రాస్తున్నాము.

ఏనుగుల దారి, ఇంటిదారి

శుక్రవారం తంబళ్లపల్లెలో మెకానిక్కు కొత్త పైపు వేశాడు. అవ్వ ఇంటికి తిరిగి వెళ్లి, తంబళ్లపల్లెలో నింపుకున్న రెండు క్యాన్ల నీళ్లు వాళ్ల తొట్టిలో పోశాము. ఆమె వద్దనలేదు. నీళ్లు ఇచ్చిపుచ్చుకోవడంలో అక్కడ మొహమాటం లేదు.

మదనపల్లె టమాటా మార్కెట్టు మన దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. 2023 జూలైలో ఇక్కడ కిలో టమాటా 150 రూపాయలు దాటి పలికింది. మేము పోయిన రోజున, వచ్చిన ధర కోత కూలికి, బాడుగకు చాలదని ఒక రైతు బాక్సులమీద తల పెట్టుకొని కూర్చున్నాడు. నీళ్లు కొలిచి పోసి పెంచిన పంట అది. పుంగనూరులో ఆ ఊరి పేరు మోసే పొట్టి ఆవును అమ్మగారు నిమిరారు. మూడు అడుగుల ఎత్తు కూడా లేదు. మేత కొంచెమే తింటుంది, పాలలో వెన్న మాత్రం ఎక్కువ. ఈ నేలకు తగిన జీవం. అంతరించిపోతున్న ఈ జాతిని నిలపడానికి పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రంవారు ఎంతో కాలంగా కృషి చేస్తున్నారు.

పలమనేరునుండి కుప్పం వరకు ఏనుగుల సీమ. చాలాకాలం ఇక్కడ ఏనుగులు లేవు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవులనుండి మందలు వచ్చి నిలిచిపోయాయి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పరచారు. ఏనుగులకు అడవి చాలక పొలాలమీద పడతాయి. రైతులు రాత్రంతా టపాకాయలు, డప్పులతో కాపలా కాస్తారు. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. 2025లో కర్ణాటకవారు ఇచ్చిన కుంకీ ఏనుగులను పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరంలో ఉంచారు. అడవి ఏనుగులను మళ్లించడానికి వీటిని వాడుతారు. పొద్దుగూకాక ఆ దారిలో పోవద్దని అందరూ చెప్పారు గనుక ఆ రాత్రి పలమనేరులోనే పెట్రోలు బంకు పక్కన పడుకున్నాము.

శనివారం కుప్పం. మూడు రాష్ట్రాలు కలిసే మూల. టీ అంగడిలో ఒకే బల్లమీద తెలుగు, తమిళం, కన్నడం వినబడ్డాయి. 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ ఉండడం సబబే. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు ఇక్కడి దాకా వచ్చాయి. ఎక్కడో శ్రీశైలంలో నిలిచిన నీళ్లను మెట్టుమెట్టుగా పంపులతో ఎత్తిపోసి ఈ ఎత్తుకు చేర్చాలి. కాలువ గట్టుమీద ఒక ముసలాయన కనబడ్డాడు. నీళ్లు వచ్చిన రోజున చేయి ముంచి ముఖం కడుక్కున్నానని మాతో చెప్పాడు.

తిరుగుదారిలో మొగిలి ఘాటు దిగి, చిత్తూరు దాటి, రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాము. వ్యాను తాళాలు పెద్దలకు అప్పగించాము.

వెళ్లదలచినవారికి

ఇలాంటి ప్రయాణానికి పెద్ద డబ్బు అక్కరలేదు. నీళ్లు మీరు అనుకున్నదానికి రెండింతలు పెట్టుకోండి. పైపులు, బెల్టు, స్టెప్నీ టైరు ముందే చూపించుకోండి. ఎవరి పొలం దగ్గరైనా ఆగేముందు అడగండి. ఏనుగులు తిరిగేచోట చీకటిపడ్డాక నడపవద్దు. ఎవరైనా నీళ్లిస్తే, వీలైతే తిరిగి నింపి రండి. ముందు సీట్లో మీ ఇంటి ఆమెను కూర్చోబెట్టుకోండి. ఎటు పోదామని మలుపు రాకముందే అడగండి. జవాబు వెంటనే రాకపోతే బండి ఆపి ఆగండి.

నెలాఖరుకు ఉత్తరం రాశాము. ఒక సంవత్సరం గడువు ఇవ్వగలరా, పిల్లల పరీక్షలయ్యాక వస్తాము, ఈలోగా మూడు నెలలకొకసారి ఆస్పత్రికి పోవడానికి సెలవు దయచేయండి అని అడిగాము. మాటలు సగం ఆమెవి, సగం పాస్టరువి. కింద ఇద్దరమూ సంతకం చేశాము. జవాబు ఇంకా రాలేదు. ఏది వచ్చినా కవరు ఇద్దరమూ కలిసే విప్పాలని అనుకున్నాము.

అమ్మగారి నోటుపుస్తకంలో ఆ ఆరు రోజుల లెక్కలున్నాయి. డీజిలు ఎంత, కూరగాయలు ఎంత, పైపుకు ఎంత అని. గురువారం నాటి పేజీలో మాత్రం లెక్క లేదు. "రెండు బిందెలు" అని రాసి ఉంది.